పైకప్పు మీద మనిషి

తుఫాను వెళ్ళిన రెండు నెలలకు, సముద్రం ఒడ్డున సగమే కప్పు వేసిన ఇంట్లో తల్లీ కూతురూ. పైన ఒక మనిషి రేకులకు మేకులు కొడుతున్నాడు.

"మెల్లగా మాట్లాడవే, వింటాడు."

"విననీ. అమ్మా, వాడు వేసుకున్నది తమ్ముడి చొక్కా."

"అయితే ఏం? చెదలకి పెట్టమంటావా? కొట్టుకుపోకుండా మిగిలింది ఆ ఒక్క చొక్కానే. ఎవరో ఒకరి ఒంటిమీద ఉంటే నా కళ్ళకి బాగుంది."

"పడవతో పాటు తమ్ముడు పోయి పట్టుమని—"

"పోయాడని నువ్వంటున్నావు. శవం దొరికిందా?"

"అమ్మా."

"సరే, పోయాడు. పోయాడే. తెల్లారి వాడి కోసం ఒడ్డంతా వెతుకుతుంటే వీడు కనిపించాడు. విరిగిన చెక్కల కింద, తలనిండా రక్తం. మొహం అటు తిరిగి ఉంది. నా బిడ్డే అనుకుని ఒళ్ళోకి లాక్కున్నాను. మొహం తిప్పి చూసేసరికి... ఇంక కింద పెట్టబుద్ధి కాలేదు."

"అదంతా ఫోన్లో చెప్పావు. ఎవరు, ఎక్కడివాడు, ఇవేవీ అడగలేదా?"

"ఏం గుర్తులేదన్నాడు. తల పగిలినవాణ్ణి ఎన్నిసార్లని అడగను? అడిగితే ఇష్టం ఉండదు వాడికి."

"ఇష్టం ఉండదంటే?"

"ఉండదంతే. మాట మానేస్తాడు. ఇక ఆ పూటంతా మేకులు కొడుతూనే ఉంటాడు. నేనూ అడగడం మానేశాను. మంచినీళ్ళు తాగు, ఎండన పడి వచ్చావు."

"నీళ్ళు తర్వాత. వీధిలో వాళ్ళేమంటున్నారు?"

"ఏమంటారు? నెత్తిన పెట్టుకుంటున్నారు. నువ్వు చూడలేదు గానీ, మొదట్లో ఈ వీధిలో ఒక్కళ్ళు లేచి నిలబడితే ఒట్టు. టార్పాలిన్ల కింద పడుకుని ఆకాశంకేసి చూడటమే. పొయ్యి వెలిగించడానికి కూడా చేతులు రాలేదు. వీడు తలకి కట్టుతోనే లేచాడు. కొట్టుకొచ్చిన చెక్కలు ఏరాడు. ఎవరితోనూ ఒక్క మాటనకుండా ఎదురింటి ముసలామెకి గుమ్మం నిలబెట్టాడు. గోడల్లేవు, కప్పు లేదు, ఉత్త గుమ్మం. ఆవిడ అందులోంచి లోపలికి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, లేచి చీపురు పట్టుకుంది."

"ఊఁ."

"మర్నాడు పడవల వడ్రంగి వచ్చాడు. తన పిల్లాడు పోయిన దగ్గర్నుంచి నోరు విప్పనివాడు, 'ఆ మేకు వంకరపోయిందయ్యా, ఇలా తే' అన్నాడు. అంతే, వీధంతా లేచింది. పిల్లలైతే 'సుత్తి మామయ్యా' అని వెంటపడతారు. ఇప్పుడు వీడు వెళ్ళిపోతే సగం ఇళ్ళకి కప్పు పడదు."

"చెడ్డవాడని నేనన్నానా?"

"మరి దిగిన దగ్గర్నుంచి ఆ మొహం ఏంటి?"

"మన ఇంటికి రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉండాలి కదమ్మా. ఏదీ?"

"వద్దన్నాడు. గాలి తోసుకొస్తుందట."

"గాలి వచ్చేది సముద్రం వైపు నుంచి కదా?"

"నాకేం తెలుసే? కట్టేవాడు వాడు."

"సాయం సామాన్ల లారీ వస్తే దించడానికి వెళ్తాడా?"

"జనంలోకి వెళ్తే తల తిరుగుతుందట. నేనే వెళ్ళి తెస్తాను."

"ఎవరైనా ఫొటో తీస్తామంటే?"

"దిగడు. ఇన్ని ప్రశ్నలేంటే, పోలీసువా?"

"అమ్మా, ఒకామె వాడి ఫొటో పట్టుకుని తిరుగుతోంది."

"ఏమిటీ?"

"ఇళ్ళు పోయినవాళ్ళకి మా ఊరి బళ్ళో శిబిరం పెట్టారుగా. నేను వంటకి వెళ్తున్నాను. అక్కడ చూశాను. పెళ్ళి ఫొటో. మీసం ఉంది, నవ్వుతున్నాడు. వీడే."

"ఇంకెవరో అయ్యుంటాడు."

"కనుబొమ్మ మీద ఆ గాటు కూడా ఇంకెవరిదోనా?"

"గాట్లు ఎవరికి ఉండవే?"

"సుత్తి ఆగింది."

"రేకు మారుస్తున్నాడు. ఉండు, మాట్లాడకు... ఆఁ, మొదలైంది. చెప్పు. ఆమెతో ఏమన్నావు?"

"ఏమీ అనలేదు. నువ్వు ఫోన్లో చెప్పిన గాటు గుర్తొచ్చి, ముందు వీణ్ణి చూసి నీకు చెప్పాలని వచ్చాను."

"నా తల్లే. అలాగే ఉండిపో. ఏమీ అనకు."

"అమ్మా! ఆమె అతని పెళ్ళాం. చంటిపాప కూడా ఉంది."

"ఉంటే? వీడికే గుర్తులేనప్పుడు తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది?"

"నువ్విలా మాట్లాడే మనిషివి కాదు."

"కాదు. అప్పుడు నాకు కొడుకున్నాడు."

"ఆమె సంగతి పూర్తిగా విను ముందు—"

"వినను. కుళ్ళికుళ్ళి ఏడుస్తోందంటావు. నా మొగుణ్ణి నాకిమ్మంటోందంటావు. వింటే కరిగిపోతాను. అందుకే వినను."

"అదే చెప్పబోతున్నాను. ఆమె ఏడవట్లేదమ్మా."

"ఏంటి?"

"శిబిరంలో ప్రతివాళ్ళూ 'మావాడు బతికుంటే చాలు' అంటారు. ఈమె అలా అనలేదు. 'పోయాడని ఎవరైనా కళ్ళతో చూసి చెప్తే చాలక్కా, కంటినిండా నిద్రపోతాను' అంది."

"దిగులుతో అలాగే అంటారే. అటో ఇటో తేలక... శవమైనా కనిపిస్తే బాగుండునని నేననలేదూ?"

"ఫోన్లో నువ్వన్నప్పుడు నీ గొంతులో ఏడుపుందమ్మా. ఈమె మాట్లాడినంతసేపూ తలుపుకేసే చూసింది. పాప గట్టిగా నవ్వితే దాని నోరు మూసింది."

"చిన్నగా... సుత్తి ఆగింది."

"రేకు మారుస్తున్నాడేమో."

"కాదు, నిచ్చెన చప్పుడు. దిగుతున్నాడు. ఏమీ ఎరగనట్టు ఉండు. ఆ నీళ్ళు తాగు."

"ఏంటమ్మా, అక్క వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గుసగుసలు?"

"ఏం లేదు నాన్నా. వాళ్ళాయన సంగతి. చేతులు కడుక్కో, తిందువుగాని."

"వాళ్ళాయన సంగతా? పైకి 'ఫొటో' అని వినపడింది."

"అది... అదేదో—"

"నువ్వుండమ్మా. అక్క చెప్తుంది. చెప్పక్కా."

"నీ కోసం ఒకామె వెతుకుతోంది. నీ పెళ్ళాన్నంటోంది."

"నాకేం గుర్తులేదక్కా. కావాలంటే అమ్మనడుగు."

"నేనూ అదే చెప్తున్నాను దీనికి. వాడికేం గుర్తులేదే, వదిలెయ్యి."

"పాప కూడా ఉందట."

"ఉండొచ్చు. ఎక్కడుందిట?"

"శిబిరంలో."

"ఏ శిబిరం?"

"చాలా ఉన్నాయిగా."

"మీ ఊళ్ళోదేనా?"

"అమ్మా, ఆ నీళ్ళిలా ఇవ్వు."

"నేనిక్కడున్నానని చెప్పావా?"

"లేదు."

"మంచిపని చేశావు. కూర్చో అక్కా, నిలబడిపోయావేం?"

"బస్సుకి టైమవుతోంది."

"ఇప్పుడేగా దిగావు. అమ్మ నీ కోసం పొద్దున్నుంచి దారి చూస్తోంది. కూర్చో. అమ్మా, అక్కకి పీట వెయ్యి."

"కూర్చోవే, వాడు అంత మర్యాదగా అడుగుతుంటే."

"అక్కా."

"ఊఁ."

"దాని చెయ్యి అతుక్కుందా?"

"ఎవరి చెయ్యి నాన్నా? ఏం చెయ్యి? ఏమే, అలా తెల్లబోయావేం? వాడు దేని గురించి అడుగుతున్నాడు?"

"ఆమె కుడిచెయ్యి గురించమ్మా. తుఫాను వచ్చిన రోజు పొద్దున మొగుడు విరిచాడట. ఆ మాట నేనింకా నీకు కూడా చెప్పలేదు."