మీ తాత దవడ మీద లేచిన కాయ

"తాత ఎలగ పోనాడవ్వా? అమ్మనడిగితే తెలీదంటాది."

దానికేటి తెలుసే, అప్పటికి సంకలో పిల్ల. ఆ టేపు కొంచెం దూరంగా ఎట్టు, దాన్ని సూత్తంటే నాకు మాట రాదు. కూకో. నువ్వు నర్సు పని సేత్తన్నావు కాబట్టి సెప్తన్నాను. ఇంకెవులికీ సెప్పనేదు.

నాను అనంతగిరి అవతల కొండూరికి కోడలుగా వొచ్చి అప్పటికి మూడేళ్లో నాలుగేళ్లో. తెల్లదొరల రోజులు. బస్సు నేదు, రైలు నేదు, కిందకి దిగాలంటే రెండు రోజుల నడక. ఉప్పు కావాలంటే సంతలో పసుపు కొలిసిచ్చి తెచ్చుకునీవోళ్లం, ఆ ఉప్పులో కూడా సగం మన్నే... సరే, అదెందుకిప్పుడు. మీ తాత మంచి ఒడ్డూ పొడుగూ మనిసి. అడ్డపిక్కలు, అడ్డాకుల తీగకి కాసీవి, కాల్సి పటపట కొరికీవోడు. పళ్లు నేని ముసిలోళ్లందరూ ఆడి దగ్గరికే వొచ్చీవోరు, కొరికి పెట్టయ్యా అని.

అందుకే కుడి దవడ నొప్పంటే పన్ను కదిలిందనుకున్నాం. ముందు రెండు పళ్లు ఊడినాయి, ఆ తరవాత ఇంకో రెండు. అప్పుడు ఎముకే ఉబ్బడం మొదలెట్టినాది. రేగ్గాయంత, ఉసిరికాయంత, సూత్తండగానే నిమ్మకాయంత అయిపోనాది. రాయి నాగ గట్టిగుండీది. దిసారి, అదే, మా ఊరికి పూజలు సేసీవోడు, బియ్యం సల్లి సూసి కొండదేవత కోపమన్నాడు. కోడినిచ్చాం, మేకనిచ్చాం. తగ్గనేదు.

ఆ ఏడే పక్కూళ్లో ఒకామికి పెద్దరోగం, మీరు కుష్టంటారు సూడు, అది వొచ్చి ఊరవతల పెట్టినారు. ఇదీ అదే అన్నారు మావోళ్లు. పెద్దలు కూకున్నారు. పోడు మీద కాపలా పాకుంది, అందులో ఉండమన్నారు. మా మావ, మీ తాత అయ్య, తలొంచుకున్నాడు. మీ తాతే లేసి దుప్పటి సంకలో ఎట్టుకున్నాడు. "పిల్లకంటుకుంటాది. నాను ఎల్తాను" అన్నాడు. అంతే, ఎలిపోనాడు.

రోజూ సోళ్ల అంబలి, మీ రాగంబలే, అట్టుకెళ్లీదాన్ని. ఒక బండరాయుంది, దాని మీద పెట్టి ఆరడుగులు ఎనక్కి జరిగీదాన్ని. నాను జరిగినాక వొచ్చి తీసుకునీవోడు. పిల్లని దూరం నుంచే సూపించీదాన్ని.

అలగుండగా కింద నుంచి డాక్టరు బాబు వొచ్చినాడు, సలిజొరాలకి. గుర్రం మీద... కాదు కాదు, గుర్రాన్ని సంత కాడే ఒదిలేసి నడిసే ఎక్కినాడు. బక్కపలసటి మనిసి. అందరి ఏళ్లూ సూదితో పొడిసి, నెత్తురు గాజుముక్క మీద రాసి, ఇత్తడి గొట్టంలోంచి సూసీవోడు. నాను కాళ్లట్టుకుంటే పోడు మీదకొచ్చినాడు. బయపడనేదే. సేత్తో దవడ నిమిరినాడు. మనిసన్నోడు మీ తాతని తాకి అప్పటికి నాలుగు నెలలు. కళ్లు మూసుకుని అలగే ఉండిపోనాడు.

సూదితో అక్కడక్కడా గుచ్చి, "నొప్పి తెలుస్తోందా?" అనడిగినాడు డాక్టరు.

"తెలుత్తంది బాబూ."

"పెద్దరోగమైతే మొద్దుబారాలి. ఇది అది కాదనుకుంటున్నాను. కానీ ఇదేమిటో నాకు తెలీదమ్మా. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు."

దవడలోంచి సిన్న ముక్క కోసి, సీసాలో మందునీళ్లలో ఏసినాడు. మద్రాసు పంపుతానన్నాడు, అక్కడోళ్లు సూసి సెప్తారంట.

"అంతవరకూ ఎలగ బాబూ?"

"అంటుకునేదో కాదో అంతవరకూ చెప్పలేను. ఇప్పుడున్నట్టే ఉండండి."

సామలు కోసినప్పుడు ఎల్లినాది ఆ సీసా. సోళ్లు కోసినాం. వలిసెలు పూసినాయి, కొండంతా పసుపే, ఆ పూలూ రాలిపోనాయి. కబురు నేదు. మీ తాతకి నమలడం పోనాది, తరవాత మాట పోనాది. పిల్లకి పాకడం వొచ్చినాది. ఒకరోజు నాను అంబలి దించుతంటే అది బండరాయి దాకా పాక్కుంటూ ఎలిపోనాది. ఆయన దాన్ని సూసి ఎనక్కి ఎనక్కి జరిగి, పాకలోకి పోయి తడకేసుకున్నాడు. ఆ రోజు అంబలి అక్కడే ఉండిపోనాది.

మామిడి పూతకొచ్చినప్పుడు డాక్టరు మళ్లీ ఎక్కినాడు. సేతిలో కాయితం. మా అరుగు మీద కూకుని, మంచినీళ్లిత్తే తాగనేదు. "అది ఎముకలో పుట్టిన గడ్డమ్మా. చాలా అరుదుగా వస్తుందట. మద్రాసువాళ్లు కూడా ఇంకొకరిని అడిగి చెప్పాల్సొచ్చింది. మందు లేదు" అన్నాడు.

నాను ఒకటే అడిగినాను. "పిల్లనెత్తుకోవచ్చా?"

"ఎత్తుకోవచ్చు. అది ఎవరికీ అంటదు." కాయితం మడతెట్టి, "మొదట్నుంచీ ఎత్తుకోవచ్చు" అన్నాడు. నా మొకం సూడనేదు.

మావా నానూ పోడు మీదకి పరిగెత్తినాం. మీ తాత నమ్మనేదే. దగ్గరకెల్తే రావొద్దని సెయ్యి అడ్డమెట్టినాడు. ఆ సెయ్యి అట్టుకున్నాను. పుల్లయిపోనాది. మావ ఈపు మీద ఏసుకుని ఇంటికి తెచ్చినాడు, ఆ ముసిలోడు, దారంతా ఏడుత్తూ.

పిల్ల ఆ మొకం సూసి జడిసి మూడు రోజులు ఏడిసినాది. నాలుగో రోజు దానంతటదే ఎల్లి ఆయన బొజ్జ మీద కూకున్నాది. దవడ కాయ అట్టుకుని లాగీది. నొప్పెడతన్నా దాని సెయ్యి నన్ను తియ్యనిచ్చీవోడు కాదు. అలగ పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున్న పోనాడు. మొయ్యడానికి ఊళ్లో సగంమంది రానేదు. కాయితంలో మాట సెప్పినా ఆళ్లు నమ్మనేదు.

ఎవుల్ని తిట్టనే? ఊరు జడిసినాది, తప్పేటి. ఆ బాబు తెలీదని నిజమే సెప్పినాడు. నానూ జడిసినాను కదేటి. మీ అమ్మ నా సంకలోనే ఉండీది, ఆరడుగులేస్తే ఆయన సేతికిచ్చీదాన్ని. ఆ ఆరడుగులు...

కాదులే, ఏడవనేదు. పొగ. పొయ్యిలో కట్టె కొంచెం ఎనక్కి లాగు.

నువ్వు సల్లగుండాలమ్మా. నీ దగ్గరకొచ్చినోళ్లకి నీ సేతి ఎచ్చదనం తగలాలి. జబ్బు పేరు బేగి తెలియాలి నీకు... తెలీకపోనా ఆ సెయ్యి మాత్రం ఎనక్కి తియ్యకే...