వాగు పక్క మెరక

అద్దంకి అవతల వాగు పక్కనున్న మెరక మీద పేరయ్య మిరపకాయలు ఎండబోసుకుంటున్నాడు. పోయిన శ్రావణంలో తోటి విద్యార్థులతో వచ్చి, ఆయన చెప్పిన కథలన్నీ రాసుకుపోయిన ఆర్కిటెక్చర్ పిల్ల శ్రీరమ్య, ఆటో దిగి పరుగున వచ్చింది.

“ఎత్తెయ్యమంటే ఎక్కడికెత్తమంటావమ్మాయ్? పది క్వింటాళ్ల కాయ. నిన్ననేగా పోశాను!”

“రేపొచ్చి కంచె వేస్తారు తాతా. మండలాఫీసు వాళ్లు.”

“నా కల్లానికి కంచా? ఎందుకు?”

“ఈ మెరకని... కాపాడ్డానికి.”

“ఎవర్నించి?”

“అంటే...”

“ఎవర్నించమ్మా?”

“మనుషులు తొక్కకుండా. ఈ మెరకకి మేం గీసిచ్చిన డిజైను వాళ్లకి నచ్చింది తాతా. సిమెంటు లేదు, ఇటుక లేదు. నువ్వు చెప్పినవన్నీ గీశాం. వాగు పొంగినప్పుడు ఊరంతా తలదాచుకున్న చోటు, కంజుపిట్టలు గుడ్లు పెట్టే పొదలు, మీ అమ్మ నిన్ను కన్న చోటు. ఇదిగో పటం, చూడు.”

“ఓరి నీ! మా అమ్మ పేరు కూడా రాశారే, సుబ్బరావమ్మ అని! బాగుంది తల్లీ, చాలా బాగుంది. చుట్టూ ఈ గీతేంటి?”

“అదే కంచె.”

“ఓహో. గేటన్నా పెట్టారా?”

“పెట్టాం. చూడ్డానికొచ్చే వాళ్లకి.”

“అయితే నేనూ చూడ్డానికొస్తాలే. మరి కాయ? చుట్టూ నల్లరేగడేనాయె. చెమ్మ లాగి తాలైపోద్ది. ఏడాది కష్టం!”

“తెలీదు తాతా! మేమొచ్చినప్పుడు ఇక్కడ గడ్డి తప్ప ఏం లేదు. ఎవరూ వాడట్లేదని రాశాం.”

“రాసింది కొట్టెయ్యొచ్చుగా?”

“నిన్న సాయంత్రం రోడ్డు మీంచి పోతూ ఈ కాయ చూశాను. పొద్దున్నించీ ఆఫీసులోనే ఉన్నా. బతిమాలాను, ఏడ్చాను. సంతకాలైపోయాయి, మా చేతిలో లేదన్నారు. ఇంత మంచి పని చేసి ఏడుస్తావేంటమ్మా అన్నారు.”

“ఏడవమాక. ఇదిగో, కాయ ఎత్తడానికి ఈ పరదా పట్టా అంచు పట్టుకో.”

“ఎక్కడికి తీసుకెళ్దాం?”

“ఏమో.”

“తాతా...”

“పట్టుకో ముందు.”

“పది రోజులు నీ పక్కనే కూర్చున్నాను. అన్ని కథలు చెప్పావు. ఈ ఒక్క మాట చెప్పలేదేం తాతా?”

“కథలడిగావు, చెప్పాను. కాయ ఎండబోసుకోడం కూడా కథేనని నాకేం తెలుసమ్మా?”