ఇరవై ఒకటో కుర్చీ

హలో… ఆ, నేనే మామయ్యా. చెప్పండి.

లేదు, ఇంకా పరీక్ష హాల్లోనే ఉన్నాను… వెళ్ళిపోయారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చి, తిట్టినవాళ్ళు తిట్టి వెళ్ళారు.

ఆ… పదిహేను మంది. ముప్పై ఐదు మంది నర్సులొస్తే ఇరవై మందికి ప్రశ్నలు తెరుచుకున్నాయి. మిగతావాళ్ళు గంటన్నర సేపు తెల్ల తెర చూస్తూ కూర్చున్నారు.

— ఎందుకు కూర్చోబెట్టానా? మీరేగా ఫోన్లో చెప్పారు, లేపితే గొడవవుతుంది, ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అని నచ్చజెప్పమని. మొదటివాళ్ళు ముగించాక వీళ్ళని పెడదామనుకునేసరికి నర్సు ఉద్యోగాల బోర్డు ఇచ్చిన టైము దాటిపోయింది.

— కాదు, వైరు కాదు… ఇంటర్నెట్టూ కాదు. దీనికి బయటి ఇంటర్నెట్టే అక్కర్లేదు. ప్రశ్నలన్నీ మీ గదిలోంచి తెచ్చిన కంప్యూటర్లోనే ఉన్నాయి. అందరూ దాని నుంచే తీసుకోవాలి.

— పాతదని ఎవరన్నారు? నిక్షేపంలా ఉంది. సగం మెమరీ ఖాళీ. ఇంకా ఎంత కొనిపోసినా ఇంతే… ఎందుకంటే అందులో ఉన్నది ఒక మనిషి బల్ల మీద పెట్టుకుని వాడుకునే సాఫ్ట్‌వేర్. బయటి నుంచి ఒకేసారి ఇరవై కంప్యూటర్లకే కనెక్షన్ ఇస్తుంది. చేసినవాళ్ళే అలా కట్టడి పెట్టారు, ఎక్కువ కావాలంటే సర్వర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని. ఇరవై ఒకటోది వస్తే మొహం మీదే తలుపేస్తుంది.

…

చెప్పాను. మీకే చెప్పాను. మూడు నెలల క్రితం మీ గదిలో నిలబడి చెప్పాను. మీరు కళ్ళజోడు తుడుచుకుంటూ, మన పరీక్షలకి అంత హంగామా ఎందుకే అన్నారు. గోడకి చెప్పినా కాస్త నయంగా ఉండేది.

— ఆ, నిన్న టెస్ట్ చేశాం. నలభై వచ్చాయి, నిజమే. ఎలా వచ్చాయో గుర్తుందా? బల్లలకి వార్నిష్ ఆరలేదు, హాలు తెరవొద్దన్నారు. వరండాలో రెండే కంప్యూటర్లు పెట్టించి, ఒక్కోదాంట్లో ఇరవై విండోలు తెరవమన్నారు. తెరిచాను. నలభై తెరుచుకున్నాయి. చూశావా, ఉత్త పిరికిదానివి అని నవ్వారు కూడా.

అది విండోల్ని లెక్కపెట్టదు మామయ్యా. కంప్యూటర్లని లెక్కపెడుతుంది. నిన్న దాని లెక్కలో ఉన్నవి రెండు. ఇవాళ ముప్పై ఐదు.

…

తెలుసు.

తెలుసన్నానుగా. నాకు నిన్నే తెలుసు, అది టెస్టే కాదని. తెలిసే, నలభై మందికి సరిపోతుందని బోర్డుకి రాసి సంతకం పెట్టాను. ఎందుకంటారేమిటి? మేనమామ మాట, ఆయనిచ్చిన ఉద్యోగం, నలుగురిలో ఎదురు చెప్పడం ఎందుకని నోరు కుట్టేసుకున్నాను. ముప్పై ఐదుకి ముప్పై ఐదూ ఎప్పుడొస్తారులే, పది మంది ఎగ్గొడతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి.

— ఆ… చూశాను, రిపోర్టులో రాయమని మీరు పంపిన మెసేజ్. అభ్యర్థులు ఆలస్యంగా వచ్చినందున పరీక్ష రాయలేకపోయారు. ఒక్క అక్షరం తప్పు లేదు, బాగా రాశారు.

ఎవరు ఆలస్యంగా వచ్చారు? గేటు తెరవక ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఒకావిడ నైట్ డ్యూటీ దిగి, తెల్ల చెప్పులతో అలాగే వచ్చేసింది. ఈ ఉద్యోగానికి ఆవిడ వయసు పరిమితి ఈ ఏడాదితో సరి. తెర మీద ఏమీ రాకపోతే, నేనేమైనా తప్పు నొక్కానా మేడమ్ అని నన్నే అడిగింది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లేదమ్మా, కూర్చో, వస్తుంది అన్నాను. రాదని తెలిసే అన్నాను.

— వాళ్ళు చెప్పారు. బోర్డు ఆవిడ చివర్లో కాగితాలు తీసుకెళ్ళడానికి వచ్చింది, అందరూ చుట్టుముట్టి చెప్పారు. సెంటర్ వాళ్ళు రాసిచ్చిందే మాకు లెక్క అంది. తప్పు మన సెంటర్‌దని నేను రాస్తే ఆ పదిహేను మందికీ వచ్చే వారమే మళ్ళీ పరీక్ష. వాళ్ళది ఆలస్యమని రాస్తే గైర్హాజరు. ఏడాది గంగలో కలిసినట్టే. ఆ తెల్ల చెప్పులావిడకి ఏడాది కూడా కాదు, ఇక లేనట్టే.

…

సెంటర్ పోతుంది. అవును, పోతుంది… నా ఉద్యోగం కూడా. అది నేనూ ఆలోచించుకున్నాను.

— అమ్మకి చేశారా?… నాకంటే ముందే చేశారన్నమాట. ఏమంది?… ఊఁ. తమ్ముడంటే ప్రాణం కదా, అలాగే అంటుంది. బీపీ మనిషి ఆవిడ, దీంట్లోకి ఎందుకు లాగుతారు?

— పెంచిన చెయ్యి అనకండి. ఆ మాటతోనే నిన్న సంతకం పెట్టించారు. నోటితో అనలేదు, అంతే తేడా.

— లేదు మామయ్యా, మీరిప్పుడు బయల్దేరి వచ్చినా లాభం లేదు. మీకు సర్దుబాటు చెయ్యడం బాగా వచ్చని నాకు తెలుసు. అందుకే ఇందాక మూడుసార్లు మోగినా ఎత్తలేదు.

బోర్డు ఆవిడ వెళ్ళిపోయింది. నా రిపోర్టు కవరు తీసుకుని వెళ్ళిపోయింది. పదినిమిషాలైంది.

…

జరిగింది రాశాను. కంప్యూటరు, ఇరవై, వరండా, విండోలు, అన్నీ.

— పేర్లా? రెండు. నాది పైన రాశాను. మీది కింద.

…

మామయ్యా?

…పెట్టేశారు.