నీలం చెమట

ఆసుపత్రికి ఎదురుగా ఒక పరిశోధనశాల, పొద్దున తొమ్మిదిన్నర. తన గురువు పెద్దసారు తర్వాత అక్కడ మట్టి బ్యాక్టీరియా మీద పనిచేస్తున్న మేడం, ఆ గదిలోనే ఇరవై మూడేళ్లుగా ఉన్న అటెండరు.

“ప్లేటు వెలుతురుకి పట్టి చూశారా అమ్మా?”

“చూశాను బాబాయ్.”

“రింగు వచ్చిందా?”

“ముందు కూర్చో. టీ పోశాను, తాగు.”

“టీ సంగతి తర్వాత. మా అమ్మాయి కాలి పుండులోంచి తీసిన క్రిమిని ప్లేటు నిండా పూసి, మధ్యలో మన నలభై ఒకటో నంబరు బ్యాక్టీరియా పెట్టి మూడు రోజులైంది. నలభై ఒకటి మందు కార్చిందంటే దాని చుట్టూ క్రిమి చచ్చి, అద్దంలా రింగు కనపడాలి. ఇన్నేళ్ల నుంచి చూస్తున్నవాణ్ణి, నాకు తెలీదా. వచ్చిందా లేదా?”

“ఇంకో ప్లేటు ఉంది. అది కూడా చూసి చెప్తా.”

“నీళ్లు నమలకండమ్మా.”

“రాలేదు.”

“చిన్నదైనా?”

“గోరంత కూడా రాలేదు. నలభై ఒకటి మీదికే ఎక్కి పెరిగింది ఆ క్రిమి.”

“డాక్టరుగారు ఆ మందు పొడి రెండు గ్రాములు ఇస్తే చాలన్నారే. కొత్త మందు వాడొచ్చని కమిటీ వాళ్లు సంతకాలు కూడా పెట్టేశారు.”

“తెలుసు బాబాయ్.”

“నిన్న రక్తంలోకి దిగిందన్నారమ్మా. ఇప్పుడు కాలు తీసేసినా ఆగదట. ఉన్న యాంటీబయాటిక్కులన్నీ వాడేశారు. బస్సు దిగుతూ పడింది, కాలు విరిగింది, కడ్డీ వేశారు, అంతే కదా జరిగింది. ఆ కడ్డీ పట్టుకుని ఈ క్రిమి వచ్చింది.”

“పెద్దసారు తీసిన పొడి ఒక్క చిటికెడు ఉన్నా ఇచ్చేద్దును. అంతా ఎలుకల పరీక్షలకే అయిపోయింది.”

“ఒక్క ఎలుకా చావలేదు అప్పుడు. నాకు గుర్తుంది. బోనులు కడిగింది నేనేగా.”

“అవును.”

“మళ్లీ వేద్దాం అమ్మా. ఈసారి మేత మార్చి వేద్దాం. సోయా పిండి ఉడికించి పెడతా. పెద్దసారు దానికి అదే పెట్టేవారు.”

“లోపం మేతలో లేదు. నిన్న సాయంత్రం దాని జన్యువులు చదివిన కాగితాలొచ్చాయి.”

“ఏముంది వాటిలో?”

“మందు తయారుచెయ్యడానికి దానికి ముప్పై చిల్లర జన్యువులు కావాలి. అన్నీ ఒకేచోట, వరుసగా, దాని జన్యువుల పోగు చివర ఉండేవి. చాలా బ్యాక్టీరియాకి ఆ పోగు గాజులా గుండ్రంగా ఉంటుంది. నలభై ఒకటి లాంటివాటికి అలా కాదు, రెండు కొసలుంటాయి. ఆ కొసలు ఊడిపోతుంటాయి.”

“చీర కొంగు పోగులు ఊడినట్టా?”

“అలాగే. మన నలభై ఒకటికి ఆ కొస మొత్తం ఊడిపోయింది.”

“కుట్టెయ్యలేరా? ఇప్పుడు జన్యువులు కుడుతున్నారంటగా.”

“ఏ వరుసలో కుట్టాలో తెలియాలిగా. బాగున్న రోజుల్లో దాన్ని ఎవరూ చదవలేదు. అప్పుడు చదివే మిషను మనకి లేదు. మిషను వచ్చేసరికి నలభై ఒకటి ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.”

“వేరే ఊళ్లో ఎవరి దగ్గరైనా దీని పిల్లలు ఉండొచ్చు కదా.”

“ఎవరికీ ఇవ్వొద్దని పెద్దసారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. దొంగిలిస్తారని.”

“మరి ఫ్రీజర్లో దాచినవి?”

“ఆ వానల్లో నాలుగు రోజులు కరెంటు పోయిందే, అప్పుడే చచ్చాయి. ఆ ట్యూబులన్నీ బకెట్లతో నువ్వే మోశావు.”

“అవును, నేనే మోశా. మట్టి? ఇది దొరికిన మట్టి మళ్లీ తీస్తే? చోటు నాకు గుర్తే. కుళాయి పక్కన, ఇటుకల గుట్ట వెనక. పెద్దసారికి చెంచాతో తీసిచ్చింది నేనే.”

“ఇప్పుడక్కడ ఏముంది బాబాయ్?”

“ఆసుపత్రి కొత్త బ్లాకు.”

“కింద రెండంతస్తుల పార్కింగు.”

“మా పిచ్చుక మంచం ఆ బ్లాకులోనే ఉందమ్మా. మూడో అంతస్తు.”

“తెలుసు.”

“పొద్దున నాతో ఏమందో తెలుసా? ‘నాన్నా, ట్యూబులో ఉన్న నీ రెండో కూతురు నాకు మందు పంపిందా’ అంది. చిన్నప్పటి నుంచి దానికి నలభై ఒకటి మీద కుళ్లు. నాకంటే దాన్నే బాగా చూసుకుంటావని దెప్పేది.”

“నువ్వేమన్నావు?”

“దార్లో ఉందన్నా.”

“నేను వచ్చి చెప్తాలే.”

“మీరెందుకు, నేనే చెప్పుకుంటా. అమ్మా, ఆ కొస ఎప్పుడు ఊడింది?”

“ఎప్పుడంటే ఏం చెప్పను. ఎప్పుడో.”

“ఫ్రీజర్లోవి చచ్చాక మిగిలింది నేను పెంచినదే కదా. నా దగ్గరే ఊడిందా?”

“ఒక్క మాట అడుగుతాను, ఊరికే అడుగుతున్నా. నెలనెలా దాన్ని కొత్త ట్యూబులోకి మార్చేటప్పుడు ప్లేటు నిండా చుక్కలు లేస్తాయి కదా. వాటిలో ఏది తీసేవాడివి?”

“మంచిదే తీసేవాణ్ణి.”

“మంచిదంటే?”

“తెల్లగా, నున్నగా, గుండ్రంగా, చురుగ్గా పెరిగేది. ఇరవై రెండేళ్లు. ఒక్క నెల మానలేదమ్మా. మా పిచ్చుక పుట్టిన రోజున కూడా ముందు ఇక్కడికొచ్చి ట్యూబులు మార్చి, అప్పుడు వెళ్లా దాని మొహం చూడ్డానికి. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.”

“ముడతలు పడ్డ చుక్కలు ఉండేవా?”

“మొదట్లో ఉండేవి. బూడిదరంగులో, చిక్కిపోయి ఉండేవి. పైన నీలంగా చెమట పట్టేది. పాపం ఏదో రోగం తగిలిందని పారేసేవాణ్ణి. కొన్నేళ్లకి అలాంటివి లేవడమే మానేశాయి. ఎంత శుభ్రంగా పెంచానో అని మురిసిపోయా.”

“సరే.”

“ఏంటమ్మా అలా చూస్తున్నారు?”

“ఏం లేదు బాబాయ్.”

“ఆ నీలం ఏంటమ్మా?”

“రంగు. ఉత్త రంగు.”

“అమ్మా.”

“రంగే అన్నానుగా.”

“ఆ నీలమేనా మందు?”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“ఆ నీలమేనా?”

“అవును.”

“అయితే నేను పారేసినవే మందు చేసేవి.”

“మందు చెయ్యడం దానికి పెద్ద చాకిరీ బాబాయ్. తిన్నదంతా దానికే పోతుంది. అందుకే నలిగిపోయి, నిదానంగా పెరుగుతాయి. కొస ఊడినవాటికి ఆ పని లేదు. తినడం, పెరగడం. అందుకే నున్నగా ఉంటాయి.”

“పనిచేసేవాటిని పారేసి, తిని కూర్చునేవాటిని కంటికి రెప్పలా సాకాను.”

“నీ తప్పు కాదు. ఆ ఫ్రీజరు చెడకపోతే ఇదంతా...”

“ఫ్రీజరు మీదికి తొయ్యకండి. నా బిడ్డ మందు నా చేతులతో నేనే పారబోశా. అంతేగా?”

“నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. నేను కూడా వేరే పనుల్లో పడి ఆ ట్యూబుల వైపే చూడలేదు.”

“చెప్పారమ్మా. కాగితం మీద రాసిచ్చారు. అందులో ఉన్నట్టే చేశా.”

“ఏ కాగితం?”

“పాతదిలెండి. వదిలెయ్యండి.”

“ఏం రాసుంది?”

“తెల్లగా శుభ్రంగా ఉన్నవే తియ్యాలి, మరకలున్నవి పారెయ్యాలి అని. ఆ ఏడాది గది నిండా బూజు పట్టి అందరి పనీ పాడైంది. ఆ భయానికి రాసుంటారు.”

“ఎవరా బుద్ధిలేనివాళ్లు? నలభై ఒకటి గురించి ఓనమాలు తెలిసినవాళ్లు అలా రాస్తారా? పెద్దసారైతే రాయరు.”

“తిట్టకండమ్మా. చిన్నతనం. మంచికే రాశారు.”

“ఇంకా వెనకేసుకొస్తావేంటి? అక్కడ నీ కూతురు అలా ఉంటే? ఆ కాగితం ఉందా, పోయిందా?”

“ఉంది. నా బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నా. నా చదువు అంతంతమాత్రం కదా, రోజూ దాన్ని చూసి చూసి అక్షరాలు గట్టిపడ్డాయి.”

“పట్టుకురా. డైరెక్టరుకి నేను జరిగిందంతా రాసివ్వాలి. ఎవరి వల్ల జరిగిందో కాగితం జతచేసి మరీ రాస్తాను. నీ పేరు ఎక్కడా రానివ్వను.”

“నా పేరే రాయండి.”

“ఎందుకు రాస్తాను?”

“వచ్చే నెల నా ఉద్యోగం అయిపోతుంది. నన్నెవరు ఏం చేస్తారు. చెయ్యడానికి ఇంకేం మిగిలింది.”

“పిచ్చిమాటలు మాట్లాడకు. చెయ్యని తప్పు నీ నెత్తిన పెట్టి నేను నిద్రపోగలనా? బీరువా తాళం ఇటివ్వు, నేనే తెచ్చుకుంటా.”

“తాళం ఇవ్వనమ్మా.”

“బాబాయ్.”

“వార్డు దగ్గర మా ఆవిడ ఒక్కతే ఉంది. నేను వెళ్లాలి.”

“వెళ్దువుగాని. ఆ కాగితం నాకిచ్చి వెళ్లు.”

“వెళ్లే ముందు దాన్ని చింపేసి వెళ్తా. కింద మీ సంతకం ఉందమ్మా.”