అక్క వద్దన్న మాట

నన్ను ప్రసంగి అంటారు. వయస్సు యాభై రెండు. తలుపులు, కిటికీలు బిగించే వడ్రంగిని. ఆదివారాలు వాక్యం చెబుతాను. పరదేశపు బోధకులు వస్తే వాళ్ళ మాటను మన జనానికి నేనే అందిస్తాను. రెండు భాషల బైబిళ్ళు పక్కపక్కన పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాను.

శనివారం ఉదయం పది గంటలకు అనువాదకుల, దుబాసీల సదస్సుకు వెళ్ళాను. ఒక చెవికి అనువాదం వినిపించే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను, రెండో చెవి వదిలేశాను. ఎవరి మాట ఎలా మారుతోందో చూడడం నాకలవాటు.

వేదిక మీద ఒక ఆసుపత్రి దుబాసీకి పతకం వేశారు. అతను తన ఘనకార్యం చెప్పుకున్నాడు. కుట్టుపని చేసే ఒక రోగి కాలు తీయొద్దని మొత్తుకుందట. ఒప్పుకుందని డాక్టరుకు చెప్పాడట. పుండు కడగడానికేనని ఆమెకు చెప్పి సంతకం పెట్టించాడట. ప్రాణం నిలిచిందట. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోగి మా అక్క. ఆ ఆసుపత్రిలోనే కాలు తీశారు. వద్దన్నానురా అని ఏడాదిగా చెబుతోంది. మందుల మత్తులో అనుకున్నావులే అని మా బావే ఆమె నోరు మూయించాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించింది సాతానుదని ప్రభువు చెప్పాడు. వీళ్ళు సాతానుకు పతకం వేశారు.

లేచి నిలబడ్డాను. "ఆ రోగి మా అక్క. మిషను తొక్కే కాలది. వద్దంటే వద్దని చెప్పడానికి నీకు నోరు పడిపోయిందా? అబద్ధానికా ఈ పతకం?" అన్నాను.

కాలు తీసిన డాక్టరు ముఖ్య అతిథిగా అక్కడే ఉన్నాడు. ఆయనకు మన భాష రాదు, నేను బైబిలుతో నేర్చుకున్న భాషే ఆయనది. అద్దాల గదిలోని దుబాసీ అమ్మాయి నా మాటను ఆయన భాషలోకి మార్చడం నా చెవిలో వినబడింది: రోగి తమ్ముడు కన్నీళ్ళతో కృతజ్ఞతలు చెబుతున్నారట. డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. మళ్ళీ చప్పట్లు.

అద్దాల గది తలుపు భుజంతో గుద్దాను. గడియ ఊడింది. అమ్మాయిని ముట్టుకోలేదు. ముట్టుకున్నానని ఫిర్యాదులో రాసింది అబద్ధం.

"గొడవ పెద్దదవుతుందని మెత్తగా చెప్పాను బాబాయ్" అంది.

"గొడవ నాదమ్మా. తగ్గించడానికి నువ్వెవరు?" అన్నాను.

మైకు లాక్కుని డాక్టరు భాషలో చెప్పాను. ఆమె వద్దంది. ఆమె వద్దంది. ఆమె వద్దంది. ఆయన గుండె మీది చెయ్యి తీసి, పతకం వేసుకున్నవాడి వైపు తిరిగాడు. వాడు తల దించుకున్నాడు. కాపలావాళ్ళు నన్ను లాగినప్పుడు మైకు తీగ తెగింది.

స్టేషన్లో నా ఈ వాంగ్మూలాన్ని రాసుకున్న కానిస్టేబుల్ గారు నాకు చదివి వినిపించారు. 'ఆవేశంలో ఒళ్ళు తెలియక' అని ఒక ముక్క కలిపారు. కేసు తేలికవుతుందని, నా మంచికేనని అన్నారు. కొట్టేయించాను. ఒళ్ళు తెలిసే చేశాను. ఆ ముక్క పోగా మిగిలిందంతా నా మాటే, నిజమే.

సంతకం.