ఇంట్లో అడిగి చెప్తానండీ

సభకి అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరు గారికి, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా సర్జనమ్మ గారికి, వేదిక మీది పెద్దలకి, నన్ను మైకు ముందుకి తోసేసి ఇప్పుడు చోద్యం చూస్తున్న నర్సమ్మలకి, నాతోటి పేషెంట్లకి నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళంతా మా సర్జనమ్మ గారి హస్తవాసి గురించి చెప్పారు. నాకింకా ఆ అదృష్టం పట్టలేదు. క్యాన్సరొచ్చి నా ఎడమ రొమ్ము తీసేశాక, దాన్ని మళ్ళీ నిలబెట్టే ఆపరేషన్ కోసం ఈవిడ దగ్గరికి వస్తే, ఈవిడ నన్ను ఇంటికి పంపించేశారు. (నవ్వులు)

ఆ రోజు నాతో మా ఇల్లంతా వచ్చింది. అదిగో మూడో వరసలో కూర్చున్న మా వదిన, "చేయించేసుకో, నలుగురిలో తిరిగేదానివి" అంటుంది. మా అమ్మేమో "మళ్ళీ కత్తి కింద పడుకుంటావా?" అని ఏడుపు. మా ఆయన ఎవరేం చెప్తే దానికి తల ఊపుతున్నాడు. ఇప్పుడూ ఊపుతున్నాడు చూడండి. డాక్టరు గారు ముగ్గురినీ మర్యాదగా బయటికి పంపి తలుపేశారు. లోపల సిలికాన్ అమర్చడం, పొట్ట కింది చర్మం, కొవ్వు తెచ్చి కట్టడం, బ్రాలో ప్యాడ్ పెట్టుకోవడం, ఏమీ చేయకుండా ఉండిపోవడం, అన్నీ ఓపిగ్గా చెప్పారు. వీపు కండతో కూడా చేస్తారట గానీ, ఈత నేర్పేదాన్ని కదా, భుజానికి ఇబ్బంది కావచ్చన్నారు. పెట్టిన చోట మునుపటి స్పర్శ ఉండకపోవచ్చనీ, మచ్చలు మిగులుతాయనీ కూడా దాచలేదు. "ఇందులో తప్పుదేదీ లేదమ్మా. మీకేం కావాలి?" అన్నారు.

నేను "ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్నాను.

ఆపరేషన్‌కి ముందు మనల్ని నిలబెట్టి, కోసే చోట ఒంటి మీద గీతలు గీసే పెన్ను ఒకటి ఉంటుంది ఆవిడ కోటు జేబులో. దాన్ని తట్టి, "అయితే దీని మూత తీయను. మీరు అడిగి కాదు, చెప్పి రండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దారంతా ఆవిడని తిట్టుకుంటూనే వెళ్ళాను. క్షమించండి డాక్టరు గారూ, గట్టిగానే తిట్టాను. (నవ్వులు)

తర్వాత ప్యాడ్‌తోనే ఈత నేర్పాను. ఒకనాడు డైవింగ్ చూపిద్దామని దూకాను, నేనొక వైపు తేలాను, ప్యాడొక వైపు తేలింది. ఒక చిన్నపిల్ల దాన్ని పట్టుకొచ్చి, "టీచర్, మీ స్పాంజి" అని చేతిలో పెట్టింది. అందరితో పాటు పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి గట్టు మీద కూర్చున్నాక కన్నీళ్ళొచ్చాయి. సిగ్గుతో కాదండీ. సర్దుకోకుండా దూకాలని ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది నాకు. వదిన చెప్పిందనీ కాదు, అమ్మ వద్దందనీ కాదు. ఏమీ చేయించుకోకుండా హాయిగా ఉన్న అక్క ఒకామె ఈ హాల్లోనే ఉంది, ఆమెని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ నాకు కావాలి.

ఇంత ఆలస్యంగా తెలివొచ్చి పరిగెత్తుకొస్తే, ఈవిడ రిటైరైపోతున్నారు. నా అదృష్టం ఎప్పుడూ ఇంతే. అయినా గట్టిదే. రేపు పొద్దున నా పొట్ట దగ్గరి కొవ్వుతో ఆపరేషన్ చేసేది ఈవిడ దగ్గర చేయి తిరిగిన శిష్యురాలు. గీతలు మాత్రం ఈ సభ అయిపోగానే, శిష్యురాల్ని పక్కన పెట్టుకుని, పాత గదిలో ఈవిడే గీస్తానన్నారు. నిన్నట్నుంచి నాకు కాలు నిలవడం లేదు.

అందుకని దండలూ శాలువాలూ కొంచెం త్వరగా కానివ్వండి, మీకు పుణ్యముంటుంది. (నవ్వులు, చప్పట్లు)

మాట్లాడనిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, పెన్ను మూత తీయండి. ఇంట్లో అడగలేదు, చెప్పి వచ్చాను. ఇక సెలవు.