నాలుగో గది వీపు

మా టీ కొట్టు డాక్టర్ల శిక్షణ హాలు గోడకి ఆనుకునే ఉంటుంది. ఏడాదికోసారి ఆ హాల్లో చర్మవ్యాధుల క్లాసు పెడతారు. వచ్చేది చర్మం డాక్టర్లు కాదు. జ్వరానికీ, దగ్గుకీ, కడుపునొప్పికీ, అన్నిటికీ తామే మందిచ్చే చిన్న క్లినిక్కుల డాక్టర్లు. వాళ్ల దగ్గరికి మచ్చలూ దద్దుర్లూ పట్టుకుని జనం రోజూ వస్తూనే ఉంటారు కదా, ఏది ఏ రోగమో గుర్తుపట్టడం నేర్పాలని ఈ క్లాసు. నేర్పడానికి బొమ్మలొక్కటే చాలవట, మనుషులు కావాలి. అందుకని నిజం రోగుల్నే పిలిచి ఒక్కో గదిలో ఒక్కొక్కరిని కూర్చోబెడతారు. డాక్టర్లు గుంపులుగా గది గదికీ తిరిగి, చూసి, తాకి, రోగం పేరూ మందూ కాగితం మీద రాస్తారు. గంట మోగగానే పక్క గదికి వెళ్తారు.

నాలుగో గదిలో కూర్చునేది మా కండక్టర్ బాబాయ్. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది గానీ గొంతు ఇంకా బస్సు దిగలేదు. మనిషి మంచివాడే, నోటికే బ్రేకుల్లేవు. టీ విరామం ఇవ్వగానే చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి మా బెంచీ మీద కూర్చుంటాడు. వినడానికి ఆటో అబ్బాయి ఒక్కడు దొరికినా ఆయనకి సభ నిండినట్టే. ఈసారి బెంచీ చివర, క్లాసుకి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ కూడా మెళ్లో బ్యాడ్జీతో టీ తాగుతోంది. ఇక ఆయన్ని ఆపేదెవరు?

"అమ్మా డాక్టరమ్మా, పొద్దున మీ గుంపు నా గదికి వచ్చింది, గుర్తుపట్టాను. మీరు కొత్త, మీకు తెలీదు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ..."

"మొదలైంది," అన్నాడు ఆటో అబ్బాయి.

"నువ్వుండరా. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మొట్టమొదట నన్ను పిలిచిన ఏడాది ఒకటే రూలు పెట్టారు. నోరు మెదపకూడదు, రోగం పేరు చెప్పకూడదు, డాక్టర్లే కనుక్కోవాలి అని. జన్మంతా బస్సులో అరిచినవాణ్ని నేను, నన్ను నోరు మెదపొద్దంటే చేపని ఈదొద్దన్నట్టే కదా. సరే, చొక్కా విప్పి కూర్చున్నా. ఓ కుర్ర డాక్టరు వచ్చాడు, వీపు చూశాడు, పక్కవాడితో తామర అన్నాడు. తామరట! నా ఒళ్లు మండిపోయింది. ఇది సోరియాసిస్ అనీ, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ మా వీధి కుక్కకి కూడా తెలుసు. చెబుదామంటే రూలు. అప్పుడేం చేశానో తెలుసా? దగ్గాను. ఒకే ఒక్క దగ్గు, 'ఊఁహూఁ' అన్నట్టు. కుర్రాడు తెలివైనవాడు, పెన్ను ఆపాడు, మళ్లీ చూశాడు, పొట్టు గీకి చూశాడు, రాసింది కొట్టేసి సరిగ్గా రాశాడు. అంతే జరిగింది."

"అంతేనా? ఇది నమ్మొచ్చు బాబాయ్," అన్నాన్నేను గ్లాసు అందిస్తూ.

"ఆగరా, టీలో పంచదార కలిసే లోపే నమ్మేస్తావేంటి? మరుసటి ఏడాది ఆ కుర్రాడు తన దోస్తులందరికీ చెప్పేశాడు, నాలుగో గదిలో పెద్దమనిషి ఉన్నాడు, ఆయన వీపే జవాబు చెబుతుంది అని. ఇక చూసుకో. తప్పు రాస్తే నా ఎడమ భుజం దిగేది, ఒప్పు రాస్తే కుడి భుజం లేచేది, మందు డోసు ఎక్కువైతే నడుము దగ్గర కండ అదిరేది. గుంపుకి గుంపే పాస్! పెద్ద డాక్టరమ్మ, అదే, క్లాసు చెప్పే ఆవిడ, తెల్లబోయింది. ఇన్నేళ్లుగా చెబుతున్నా వీళ్లకి ఇంత బాగా ఎప్పుడూ ఎక్కలేదే అని నా దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, అయ్యా మీరు ఏ కాలేజీలో చదువుకున్నారు అంది. నేను, అమ్మా, మాది ముందు తలుపు కాలేజీ, వెనక తలుపు యూనివర్సిటీ అన్నా."

డాక్టరమ్మ నవ్వింది. అది చూసి బాబాయ్ బెంచీ మీద ఇంకొంచెం ముందుకు జరిగాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వీపు ఫొటో తీసి తెర మీద వేశారు. సినిమా హాలు తెరంత! ఎక్కడెక్కడ మచ్చలున్నాయో అన్నీ కొండల్లా, దీవుల్లా కనిపిస్తున్నాయి. వెనక వరసలో ఒక డాక్టరు ఆలస్యంగా వచ్చి, చూసి, ఇది ప్రపంచ పటం అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? లేచి తెర దగ్గరికొచ్చి, నా భుజం కింద వేలు పెట్టి, మా ఊరు ఇక్కడే అన్నాడు! ఒట్టు. ఇంటికి దారి కూడా చూపించాడు."

"ఆ దారిలో బస్సు ఉందా బాబాయ్?" అన్నాడు ఆటో అబ్బాయి.

"ఉండేది, నీ ఆటోలొచ్చి చెడగొట్టాయి. విను. ఈ వార్త దేశాలు దాటింది. విమానాలు విమానాలుగా డాక్టర్లు దిగారు. హాలు నిండింది, వరండా నిండింది, క్యూ ఈ గోడ తిరిగి, మార్కెట్టు తిరిగి, బస్టాండు దాకా పోయింది. తోపులాట! అప్పుడు పెద్ద డాక్టరమ్మ, కండక్టర్ గారూ మీరే కాపాడాలి అంది. ఇక నేను లేచాను. మెళ్లో సంచీ, చేతిలో టిక్కెట్లు, ముందుకు జరగండి, ముందుకు జరగండి, చూసినవాళ్లు దిగండి, చూడనివాళ్లు ఎక్కండి, రైట్ రైట్! నా వీపుకి నేనే టిక్కెట్లు కోసిన మొనగాణ్ని. వచ్చినవాళ్లలో ఒక్కడు కూడా గ్లౌజు వేసుకోలేదు. ఆవిడ ఆర్డరు అది. ఇది అంటుకునేది కాదు, ఉత్త చేత్తో ముట్టుకుని చూడండి, గరుకు తెలియాలి, వేడి తెలియాలి అని. అన్ని చేతులురా! మెత్తటివి, చల్లటివి, చిన్నవి, పెద్దవి. మంత్రులకైనా మెళ్లో దండలే వేస్తారు గానీ వీపు ఎవరు నిమురుతారు?"

"బస్సులోనూ అంతేనా? ఇలాగే ఎగబడేవాళ్లా జనం?" అన్నాడు ఆటో అబ్బాయి కొంటెగా.

"బస్సులో ఇంకో రకం మర్యాద. అప్పుడు నా చేతుల మీద కూడా ఈ మచ్చలుండేవి కదా. జనం టిక్కెట్టు చివర గోటితో పట్టుకుని లాక్కునేవాళ్లు. చిల్లర నా చేతిలో పెట్టకుండా సంచీలో జారవిడిచేవాళ్లు. భయంరా! పులి నోట్లోంచి తీసుకున్నట్టు తీసుకునేవాళ్లు. ఏ కండక్టరుకి జరిగింది అంత మర్యాద?"

ఆటో అబ్బాయి నవ్వబోయి ఆగిపోయాడు. బాబాయ్ మాత్రం ఆగలేదు.

"ఇక రోగం సంగతి చెబుతాను, వినండి డాక్టరమ్మా, మీ చదువుకి పనికొస్తుంది. నాది మామూలు రోగం కాదు. దీని మీదికి రాని మందు లేదు. ట్యూబులు పిండి పిండి లాభం లేక కంపెనీవాళ్లు డ్రమ్ములు పంపారు. డ్రమ్ములు చాలక ట్యాంకరు వచ్చింది. నన్ను బోర్లా పడుకోబెట్టి గోడలకి సున్నం వేసేవాళ్లని నలుగురిని పెట్టి బ్రష్షులతో పట్టించారు. మచ్చ కదిలిందా? ఉహుఁ. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది రాజుగారిలా. కంపెనీ యజమాని ఏడ్చుకుంటూ తలుపులు మూసుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారే, ఆ రెండోవాడు నా వీపు మీదే ఉన్నాడు."

"అయితే దాన్ని లొంగదీసే మొనగాడే లేడన్నమాట," అన్నాన్నేను.

"ఎందుకు లేరు, ఒక్కరున్నారు. మీ పిన్ని. ఆవిడంటే దానికి హడల్. నాకూ హడలే అనుకో. రాత్రి అంట్లు తోముకుని, చెయ్యి తుడుచుకుని వచ్చి, తిరుగు ఇటు అనేది. బొటనవేలితో మందు అద్ది, మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా రాసేది, రాస్తున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉండేది, గ్యాసు అయిపోయింది చెప్పలేదేం, మీ అక్క ఫోన్ చేసింది ఎత్తలేదేం అని. ఆ తిట్లకి జడిసి అది తోక ముడిచి ఓ మూల పడి ఉండేది పిల్లిలాగా. ఆవిడ పోయింది. ఇంకేముంది, పగ్గాలు తెంచుకుంది. ఇప్పుడు దాన్ని పట్టగలిగిన మగాడు పుట్టలేదు. మొన్న పెద్ద డాక్టరమ్మే నా కాళ్ల మీద పడింది, కండక్టర్ గారూ, మీరు మాత్రం తగ్గించుకోకండి, చర్మశాస్త్రం మొత్తం మీ వీపు మీదే నిలబడి ఉంది అని!"

"నీ మాటలు కోటలు దాటుతున్నాయి బాబాయ్," అన్నాడు ఆటో అబ్బాయి. "ఇన్నేళ్లుగా వింటున్నాం, ఆ రాజుగారి దర్శనం మాకు ఒక్కసారీ కాలేదు. చూపించు మరి."

"చూస్తావురా? కళ్లు పోతాయి, నా బాధ్యత లేదు." బాబాయ్ అటు తిరిగి చొక్కా మెడ దాకా ఎత్తాడు, తెర ఎత్తినంత దర్జాగా.

ట్యాంకరు లేదు, పటం లేదు. భుజాలు శుభ్రంగా ఉన్నాయి. నడుమూ శుభ్రంగానే ఉంది. వీపు మధ్యలో మాత్రం పళ్లెమంత మేర ఎర్రగా, పైన తెల్లటి పొట్టు లేచి ఉంది. అక్కడ గోకిన చారలు కూడా లేవు. మేం ఏదో ఒక జోకు వెయ్యాలని చూస్తున్నాం.

డాక్టరమ్మ గ్లాసు పక్కన పెట్టి లేచి దగ్గరికి వచ్చింది. "బాబాయ్ గారూ, ఒకసారి చెయ్యి పైనుంచి వెనక్కి పెట్టండి," అంది.

"ఎందుకమ్మా, సలాం కొట్టించుకుంటారా రాజుగారితో?" అంటూనే పెట్టాడు.

"ఇప్పుడు రెండో చెయ్యి. కింది నుంచి."

పెట్టాడు. పై చేతి వేళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ ఎరుపు మొదలైంది. కింది చేతి వేళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ ముగిసింది. ఆటో అబ్బాయి నా వంక చూశాడు.

"చెయ్యి అందినంత మేరా తగ్గిపోయింది కదండీ," అంది ఆవిడ మెల్లగా. "మందు బాగానే పనిచేస్తోంది. మధ్యలో ఎవరు రాస్తారు మీకు?"

బాబాయ్ అటే తిరిగి ఉన్నాడు. మళ్లీ ఆ బస్సు గొంతు తెచ్చుకున్నాడు. "ఒకరితో పనేముందమ్మా? గోడకి మందు రాస్తాను. రాసి వీపు ఆనించి అటూ ఇటూ రుద్దుతాను. మా గోడ చూడాలి మీరు, ఒక్క పగులు లేదు, ఒక్క మచ్చ లేదు, ఆ మందుకి ఎంత నున్నగా తయారైందంటే..."

ఎవరూ నవ్వలేదు. ఆయనే ఆపేశాడు.

"పొద్దున మీ గదిలో నేను రోగం పేరు కరెక్టుగా రాశాను," అంది డాక్టరమ్మ. "మందు పేరూ కరెక్టే. కింద, రోజుకి రెండుసార్లు వీపుకి రాసుకోవాలి అని కూడా రాశాను. పదికి పది వేశారు. నా క్లినిక్కులోనూ అలాగే రాసి పంపిస్తాను అందరికీ. ఎవరి వీపుకి వాళ్లు ఎలా రాసుకుంటారో ఎప్పుడూ అడగలేదు." ఆవిడ చెయ్యి చాచింది. "ట్యూబు ఉంటే ఇలా ఇవ్వండి, ఇప్పుడు నేను రాస్తాను. తర్వాత మీ ఇంటి దగ్గర నర్సెవరైనా ఉంటే నేనే మాట్లాడతాను. కొన్నాళ్లు ఎవరైనా వదలకుండా రాస్తే చాలు, ఇదీ తగ్గిపోతుంది."

"తగ్గిపోతుందా?"

"తగ్గుతుందండీ, చాలా వరకు."

బాబాయ్ పక్కన పెట్టుకున్న సంచీ తీసి ఒళ్లోకి లాక్కున్నాడు. పొద్దున క్లాసువాళ్లు ఇచ్చిన ట్యూబు అందులోనే ఉంది, పెట్టెతో సహా. ఇవ్వలేదు.

"అమ్మా, ఇది తగ్గిపోతే నాలుగో గదిలో ఎవరు కూర్చుంటారు?"

"ఇంకొకరిని పిలుస్తారు, దానిదేముందండీ."

"అదేనమ్మా నేననేది. ఇంకొకరిని పిలుస్తారు." ఆ గొంతు బస్సులోది కాదు, పక్కనున్న మాకే సరిగ్గా వినపడలేదు. "మీ పిన్ని పోయాక నన్ను మనుషులు ముట్టుకునేది ఏడాదికి ఈ ఒక్క రోజేనమ్మా. అది కూడా పోతే ఎలా?"

లోపల గంట మోగింది. టీ విరామం అయిపోయింది, ఇద్దరూ వెళ్లాలి. బాబాయ్ చొక్కా దించలేదు. డాక్టరమ్మ అరచెయ్యి ఆ పళ్లెమంత ఎరుపు మీద ఆనించి అలాగే నిలబడింది.